జారిన భుజం: కోత ఎవరికి, కసరత్తు ఎవరికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు భుజం కీలు గురించినవే. కీలు జారింది, ఒక డాక్టరు ఆపరేషన్ చేయించమన్నారు, ఇంకొకరు వద్దన్నారు, ఎవరి మాట వినాలి అన్నది వాటి సారాంశం. ఎముకల డాక్టరుగా ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. డాక్టరు కాకముందు మా ఇంట్లోనూ విన్నాను. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ కబడ్డీ జట్టులో ఆడతాడు. ఆరు వారాల కిందట కూతకు వెళ్లినప్పుడు ముగ్గురు కలిసి పట్టేశారు. కుడి చెయ్యి వెనక్కి మెలిపడి భుజం జారింది. తోటి పిల్లలు మైదానంలోనే లాగి సరిచేయబోయారు. కుదరక ఆసుపత్రికి తీసుకెళితే ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి కీలు సరిచేశారు. మూడు వారాలు చేతికి పట్టీ వేశారు. ఇప్పుడు నొప్పి లేదు. ఎమ్మారైలో ‘బ్యాంకార్ట్ లీజన్’ అని రాశారు. ఒక డాక్టరు వెంటనే కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) చేయించమన్నారు, ఇంకొకరు వ్యాయామం చాలన్నారు. మా అమ్మ ‘ఒక్కసారి జారితేనే కోయిస్తారా’ అని బాధపడుతోంది. వాడేమో మూడు నెలల్లో పోటీలున్నాయి, ఆడాల్సిందే అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు పిల్లలు మైదానంలో చేసిన పని గురించి చెప్పాలి. జారిన భుజాన్ని అక్కడికక్కడ ఎవరూ లాగకూడదు. కీలుతో పాటు ఎముక విరిగిందో లేదో కంటికి తెలియదు. చంక కింద నుంచి వచ్చి భుజం కండరానికి వెళ్లే నరం అప్పటికే సాగి ఉంటుంది. మొరటుగా లాగితే ఆ నరమూ, ఒక్కోసారి ఎముకా దెబ్బతింటాయి. జారిన భుజాన్ని సరిచేసే పద్ధతులను హిప్పోక్రటీస్ రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటే వివరించాడు. ఆయన కాలంలో ఎక్స్‌రే లేదు, మనకు ఉంది. చేతిని ఒంటికి ఆనించి, తువ్వాలుతో మెడకు వేలాడగట్టి, ఏమీ తినిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తినవద్దంటాం. మీ అబ్బాయి జట్టులో అందరికీ ఈ మాట చెప్పమనండి.

ఇక ఎమ్మారై రిపోర్టు. భుజం కీలు పెద్ద బంతిని చిన్న పళ్లెం అంచున నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ పళ్లెం లోతు తక్కువ కాబట్టే మన చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, తేలిగ్గా జారేదీ అందుకే. పళ్లెం చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి అంచు ఉండి దాన్ని కొంచెం లోతు చేస్తుంది. బంతి ముందుకు జారినప్పుడు ముందు భాగంలో ఆ అంచు ఊడిపోతుంది. దీని ప్రాముఖ్యాన్ని 1923లో చెప్పిన బ్రిటిష్ సర్జన్ బ్లండెల్ బ్యాంకార్ట్ పేరే ఈ గాయానికి పెట్టారు. ఇరవై ఏళ్ల వయసులో దెబ్బ తగిలి భుజం జారిన వారిలో చాలామందికి ఇది ఉంటుంది. అందువల్ల రిపోర్టులో ఆ మాట కనిపించడమే ఆపరేషన్‌కు కారణం కాదు. కొందరు ఆ కాగితం పట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా వస్తారు. మీరు అలా కలవరపడవద్దు.

మీ అబ్బాయి విషయంలో అంతకంటే ముఖ్యమైనవి వాడి వయసు, వాడి ఆట. ఎడిన్‌బరోలో 15 నుంచి 35 ఏళ్ల లోపు వారిని, మొదటిసారి భుజం జారిన 252 మందిని, ఆపరేషన్ లేకుండా పట్టీ, వ్యాయామంతో చూస్తూ వచ్చారు. 2006లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం రెండేళ్లలో సుమారు 56 శాతం మందికి, అయిదేళ్లలో 67 శాతం మందికి భుజం మళ్లీ అస్థిరమైంది. వయసు ఎంత తక్కువైతే ముప్పు అంత ఎక్కువ, అందులోనూ మగపిల్లలకు ఇంకా ఎక్కువ. మీకు ఆపరేషన్ చెప్పిన డాక్టరు మనసులో ఈ లెక్క ఉండి ఉంటుంది.

రెండో డాక్టరు దగ్గరా లెక్క ఉంది. స్వీడన్‌లో 1978, 79 సంవత్సరాల్లో భుజం జారిన వారిని లెనార్ట్ హోవెలియస్ బృందం పాతికేళ్ల పాటు గమనించింది. ఆపరేషన్ లేకుండా వైద్యం పొందిన వారిలో, 12 నుంచి 25 ఏళ్ల వయసు వారిని తీసుకున్నా, పాతికేళ్ల తర్వాత సగం మందికి కీలు మళ్లీ జారనే లేదు, లేదా కాలక్రమంలో దానంతటదే కుదురుకుంది. మొదటిసారి జారిన ప్రతి ఒక్కరినీ ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే అందులో చాలామందికి అనవసరంగా కోత పడుతుందని దీని అర్థం. మూడు నాలుగు వారాలు కట్టి ఉంచినంత మాత్రాన భవిష్యత్తు మారలేదని కూడా వాళ్లే చూపించారు. కాబట్టి ‘ఇంకో నెల పట్టీ ఉంచితే గట్టిపడేదేమో’ అని మీరు బాధపడాల్సిన పని లేదు.

రెండు వైద్యాలనూ పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షలు చిన్నవే. కెనడాలో 1999లో ప్రచురించిన ఒక పరీక్షలో 40 మంది యువకులు ఉన్నారు. రెండేళ్లు గడిచేసరికి తొలిదశలోనే కీహోల్ ఆపరేషన్ చేసిన వారిలో సుమారు 16 శాతానికి, చేయని వారిలో 47 శాతానికి కీలు మళ్లీ జారింది. ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన 2004 నాటి కాక్రేన్ సమీక్ష, కష్టమైన శారీరక శ్రమ చేసే యువకులకు తొలిసారి జారినప్పుడే ఆపరేషన్ మేలు చేయవచ్చని, మిగిలిన వారి విషయంలో అలా చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఆపరేషన్ జరిగిన వారిలోనూ మళ్లీ జారిన వారున్నారు, గమనించండి. ‘ఆపరేషన్ చేస్తే ఇక జన్మలో జారదు’ అని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని నమ్మవద్దు.

మీ అమ్మగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా అన్నయ్య పల్నాటి పల్లెలో సంక్రాంతి కబడ్డీకి పేరున్న ఆటగాడు. పద్దెనిమిదో ఏట మొదటిసారి కుడి భుజం జారింది. తర్వాత ఎన్నిసార్లు జారిందో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. గడ్డివాము మీదికి కట్ట విసిరితే జారేది, నిద్రలో పక్కకు తిరిగితే జారేది. గడప మీద కూర్చుని, మోకాలిని చేతులతో పెనవేసి వెనక్కి వాలి తానే సరిచేసుకునేవాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. చివరికి 1991లో ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో చాలాచోట్ల పుట్టి-ప్లాట్ అనే పద్ధతి ఉండేది. ముందువైపు కండరాన్ని మడిచి పొట్టి చేసి బిగించేవారు. అన్నయ్య భుజం ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. కానీ చెయ్యి బయటి వైపు తిరగడం మానేసింది. తల దువ్వుకోవడానికి మెడ వంచేవాడు. యాభై దాటేసరికి ఆ కీలు అరిగిపోయింది. ఆ పద్ధతిలో బిగించిన చాలా భుజాలకు అదే జరిగిందని తర్వాత మేం పుస్తకాల్లో చదువుకున్నాం. పాత తరం వాళ్లకు ఆపరేషన్ అంటే అలాంటి చేతులే గుర్తుకొస్తాయి. అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఇప్పుడు చేసేది అది కాదు. ఊడిన అంచును చిన్న రంధ్రాల గుండా చూస్తూ మళ్లీ దాని చోటనే కుట్టి నిలబెడతారు. కీలు కదలిక చాలావరకు తిరిగి వస్తుంది, చివరి కొంచెం రాకపోవచ్చు.

ఇప్పుడు నా సలహా. అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీరు మాట్లాడకుండా, వాణ్ణి మాట్లాడనివ్వండి. రాబోయే నాలుగైదేళ్లు కబడ్డీ ఆడాలనే గట్టి పట్టుదల వాడికి ఉంటే ఆపరేషన్ చేయించండి. నా కొడుకైనా అదే చేయిస్తాను. పట్టుబడి పడిపోయే ఆటలో ఆ భుజం వ్యాయామం మీద మాత్రమే నిలబడుతుందని నేను నమ్మను. అలాగని రేపే చేయించాల్సినంత తొందర లేదు. ముందు సీటీ స్కాన్‌తో పళ్లెం అంచున ఎముక చితికిందేమో చూపించుకోండి. కాలేజీ పరీక్షలు అయ్యాక పెట్టుకోవచ్చు, ఈలోగా మైదానం జోలికి మాత్రం వెళ్లకూడదు.

ఆట సరదాకే, చదువే ముఖ్యం అని వాడే అంటే వ్యాయామంతో వేచి చూడండి. మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు నెలలు పని చేయాలి. చంకలో చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోచేతిని నడుముకు ఆనించి, రబ్బరు పట్టీని లోపలికీ బయటికీ లాగడం దగ్గర మొదలవుతుంది. వీపు మీది రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలనూ బలపరచాలి, చాలామంది దీన్నే వదిలేస్తారు. బంతి విసరబోయేటప్పటిలా చెయ్యి పైకెత్తి వెనక్కి వంచే భంగిమ ఈ కాలమంతా వద్దు. ఇంత చేసినా రెండోసారి జారితే ఇక వేచి చూడవద్దు. జారిన ప్రతిసారీ బంతి ఎముకలో సొట్ట పెరుగుతుంది, పళ్లెం అంచు అరుగుతుంది. ఈరోజు కుట్టుతో పోయేది రేపు ఎముక అతికించాల్సిన పెద్ద పని అవుతుంది.

మూడు నెలల్లో పోటీలంటారా, ఏ దారిలో వెళ్లినా అవి వదులుకోవాలి. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు పట్టీ, కబడ్డీలోకి రావడానికి అయిదారు నెలలు. క్రికెటర్ శ్రేయస్ అయ్యర్ 2021 మార్చిలో పుణె మ్యాచ్‌లో డైవ్ చేసి ఎడమ భుజం గాయపరుచుకున్నాడు. ఏప్రిల్‌లో ఆపరేషన్ అయింది, మళ్లీ ఐపీఎల్ మ్యాచ్ ఆడింది సెప్టెంబరులో. అన్ని వసతులూ వెంట ఉన్న ఆటగాడికే అంత కాలం పట్టిందని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: నేను గీత కార్మికుణ్ణి, 36 ఏళ్లు. రెండేళ్లలో ఎడమ భుజం అయిదుసార్లు జారింది. చివరిసారి తాటిచెట్టు మీద ఉండగానే జారితే మోకు ఉండబట్టి బతికాను. ఒంటి చేత్తో ఎలా దిగానో నాకే తెలియదు. కట్టు కట్టేవారి దగ్గర మూడుసార్లు కట్టించుకున్నాను. ఆపరేషన్ అయితే చెట్టు ఎక్కలేనని మావాళ్లు భయపెడుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలున్నారు. – నల్లగొండ జిల్లా నుంచి

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక్క మాట. ఈ భుజం సరయ్యేదాకా చెట్టు ఎక్కవద్దు. ఒక్క చెట్టు కూడా వద్దు. పై అబ్బాయి భుజం జారితే ఆట ఆగిపోతుంది. నీ భుజం జారితే ప్రాణం పోతుంది. అందుకే అతని విషయంలో చేసినంత తర్జనభర్జన నీ విషయంలో చేయను. నీకు ఆపరేషన్ కావాలి.

కట్టు వల్ల నీకు ఉపశమనం దొరికి ఉండవచ్చు. కానీ అయిదుసార్లు జారిన కీలులో ఊడిన అంచు కట్టుతో అతుక్కోదు. మొదట సీటీ స్కాన్ చేయించుకో. అందులో పళ్లెం ముందు అంచు ఎంత అరిగిందో కొలుస్తారు. అరుగుదల తక్కువగా ఉంటే కీహోల్ కుట్టు సరిపోతుంది. అయిదో వంతు దాకా, అంతకంటే ఎక్కువగా పోయి ఉంటే ఉత్త కుట్టు నిలవదు. విరిగిన అంచున్న పళ్లెంలో బంతి ఎలా నిలుస్తుంది చెప్పు? నీలాంటి వారికి లటార్జే అనే ఆపరేషన్ ఉంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు సర్జన్ మిషెల్ లటార్జే 1954లో దీన్ని వివరించాడు. భుజం ముందువైపు కాకిముక్కులా వంగిన ఒక చిన్న ఎముక కొన ఉంటుంది. దాన్ని దానికి అంటుకున్న కండరాలతో సహా కోసి తెచ్చి, అరిగిన అంచు దగ్గర స్క్రూలతో బిగిస్తారు. ఎముక అడ్డుగోడ అవుతుంది, చెయ్యి ఎత్తినప్పుడు ఆ కండరాలు ముందు నుంచి పట్టీలా కాస్తాయి.

దీనిలోనూ ఇబ్బందులున్నాయి, దాచను. దగ్గరలోని నరం దెబ్బతినవచ్చు, ఎముక అతకకపోవచ్చు, స్క్రూ వదులు కావచ్చు. ఇలాంటివి తరచుగా చేసే సర్జన్ దగ్గరే చేయించుకో. ‘ఇప్పటివరకు ఎన్ని చేశారు’ అని అడగడం తప్పు కాదు, అడుగు. చుట్టగానీ బీడీగానీ కాల్చే అలవాటుంటే ఇవాళే మానెయ్యి, పొగ ఎముకను అతకనివ్వదు. ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పు. మూర్ఛ వస్తే ఎంత గట్టిగా బిగించిన భుజమైనా మళ్లీ జారవచ్చు, కాబట్టి ముందు దాన్ని మందులతో అదుపు చేయాలి.

ఆపరేషన్ అయితే చెట్టు ఎక్కలేనన్న మాట నిజం కాదు. ఎముక అతికిందని స్కాన్‌లో చూశాక, బలం రెండు చేతులకూ సమానంగా వచ్చాక, సర్జన్ చేయి పట్టి చూసి సరేనన్నాక మెల్లగా మొదలుపెట్టవచ్చు. అయిదారు నెలలు కచ్చితంగా పడుతుంది. ఆ కాలంలో ఇల్లు ఎలా గడుస్తుందన్నది నీ అసలు బాధ అని నాకు తెలుసు. ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందే సంఘం పెద్దలతో, అన్నదమ్ములతో కూర్చుని నీ చెట్లు ఎవరు గీయాలో మాట్లాడుకో. తిరిగి ఎక్కేనాటికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్ సంపాదించుకో. అది లేకుండా ఎక్కవద్దు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. స్నానాల గది గుమ్మంలో కాలు జారి పడ్డాను, కుడి భుజం జారింది. ఆసుపత్రిలో సరిచేశారు. పక్కింటావిడ చెప్పిందని రెండు నెలలు చెయ్యి కదపకుండా కట్టి ఉంచాను. ఇప్పుడు జడ వేసుకోవడానికి చెయ్యి లేవడం లేదు. భుజం మళ్లీ జారకుండా ఆపరేషన్ చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. – అనకాపల్లి

జవాబు: అమ్మా, మీ వయసులో భుజం మళ్లీ జారే భయం కుర్రాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. జారకుండా చేసే ఆపరేషన్ మీకు అవసరం పడకపోవచ్చు. మీ చెయ్యి ఎందుకు లేవడం లేదన్నది వేరే విషయం, దాన్ని ఈ వారంలోనే తేల్చుకోవాలి.

మీరు కళ్లు మూసుకుని చెయ్యి వదులుగా ఉంచండి, మీ అబ్బాయిని నెమ్మదిగా పైకి ఎత్తమనండి. తను ఎత్తితే లేచి, వదిలేయగానే నిలబెట్టలేక పడిపోతుంటే భుజాన్ని ఎత్తే కండర తాడు తెగి ఉండవచ్చు. నలభై దాటిన వారిలో భుజం జారినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది, తరచుగా కనిపెట్టకుండా పోతుంది కూడా. అబ్బాయి ఎత్తినా సగంలోనే పట్టేసి ఆగిపోతుంటే కీలు బిగుసుకుపోయింది. రెండు నెలలు కట్టి ఉంచడం, దానికి షుగర్ తోడవడం ఇందుకు చాలు. మీ వయసు వారికి వారం పది రోజుల్లోనే పట్టీ తీయించి మెల్లగా కదిలించడం మొదలుపెడతాం. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ సలహా మీకు నష్టం చేసింది. భుజం బయటి వైపు, జాకెట్టు చెయ్యి కుట్టు ఉండే చోట, తాకితే స్పర్శ తెలుస్తోందా అన్నది కూడా చూసుకోండి. అక్కడ మొద్దుబారి ఉంటే నరం దెబ్బతిన్నదేమో పరీక్షించాలి. అది చాలామందిలో నెలల మీద దానంతటదే కోలుకుంటుంది.

ఇది ఇంట్లో చూసుకునే అంచనా మాత్రమే. అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించండి. తాడు తెగినట్టు తేలితే ఆపరేషన్ మాట త్వరగా ఆలోచించాలి, ఆలస్యమయ్యే కొద్దీ తెగిన కొన వెనక్కి ముడుచుకుని కండరం కొవ్వుగా మారిపోతుంది. బిగుసుకుపోవడమే అయితే షుగర్ అదుపు, రోజూ వ్యాయామం, అవసరమైతే ఒక ఇంజెక్షన్. నెలలు పడుతుంది, నొప్పి పెడుతుంది, కానీ జడ వేసుకునే రోజు వస్తుంది.

ప్రశ్న: మా పాపకు 14 ఏళ్లు. ఏ దెబ్బా తగలకుండానే రెండు భుజాలూ కావాలన్నప్పుడు జార్చి మళ్లీ పెట్టుకుంటుంది. బడిలో అందరికీ చేసి చూపిస్తోందట. నొప్పి లేదంటుంది. ఆపరేషన్ చేయించాలా? – ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. బొటనవేలు మణికట్టుకు తగిలేలా వంగుతుందా, మోచేతులు వెనక్కి వంగుతాయా చూడండి. కొందరు పిల్లల కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి. వారిలో చిరిగిన అంచేమీ ఉండదు, కుట్టడానికి చోటే లేదు. బలవంతంగా బిగించినా ఆ కణజాలం మళ్లీ సాగిపోతుంది. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించి, పిల్లలతో ఓపిగ్గా పనిచేసే ఫిజియోథెరపిస్టు దగ్గర కనీసం ఆరు నెలలు వ్యాయామం చేయించండి. స్నేహితులు ఎంత అడిగినా చేసి చూపించవద్దని పాపకు నచ్చజెప్పండి, తిట్టవద్దు. ఆరు నెలల తర్వాత ఎలా ఉందో నాకు రాయండి.